పుట్టికి కుడిపక్క ఏది?

నీళ్ళను, నీళ్ళలో తిరిగే ప్రతి ప్రాణిని తన మాటతో కలుగజేసిన దేవునికి మొదట స్తోత్రం. వాన కోసం ఆకాశం చూసే సీమలో నన్ను పుట్టించి, చేపల శాఖలో ఉద్యోగం ఇప్పించిన ఆయన చమత్కారానికి మరొక స్తోత్రం. ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు మా అవ్వ నమ్మలేదు. "తాగను నీళ్ళు ల్యాక మనం సస్తాంటే నీకు చేపలు యాడుంటాయిరా?" అని అడిగింది. నా ఉద్యోగకాలమంతా ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే గడిచింది. దేవుడు నన్ను సిగ్గుపడనివ్వలేదు.

ఇప్పుడు హిందూపురంలో మా ఇంటికి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు వస్తుంటారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు, మర్యాద తెలిసినవాళ్ళు. పై ఉద్యోగానికి ఎప్పుడు వెళ్తాం, ఏ ఊరికి బదిలీ అడగాలి అని అడుగుతారు. అవి నాకు సరిగా తెలియవు. నాకు తెలిసింది ఒకటే: ముందెన్నడూ చూడని చెరువు దగ్గర పొద్దున్నే దిగి, చేప ఎక్కడుందో కనిపెట్టడం. అది చెబుతాను. చెప్పేటప్పుడు ఒక చెరువు కథే ఎక్కువగా వస్తుంది. ఓపిక పట్టండి.

నీళ్ళ కంటే ముందు గట్టు

నా మొదటి ఇన్‌స్పెక్టర్ కోస్తా నుంచి వచ్చినాయన. గోదావరి నీళ్ళు చూసిన కళ్ళతో మా చెరువులను చూసి మొదట్లో దిగులు పడ్డాడు. కానీ పని తెలిసినవాడు. కొత్త చెరువుకు వెళ్తే నన్ను నీళ్ళ వైపు చూడనిచ్చేవాడు కాదు. ముందు కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించేవాడు. నీళ్ళు తెచ్చే వంక ఎక్కడ వచ్చి చేరుతుంది, నీటికాకులు ఎక్కడ కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటాయి, గాలి ఏ పక్కకు నురగను తోస్తుంది, బట్టలుతికే ఆడవాళ్ళ కాళ్ళను చేపపిల్లలు ఎక్కడ కొరుకుతాయి. ఇవన్నీ చూశాకే చెప్పులు విప్పమనేవాడు.

ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో ఆయన చేయించిన పని ఇంకొకటి ఉంది. తెల్లవారగానే చెరువుకు రెండు పక్కలా నీళ్ళలో చెయ్యి పెట్టి చూడాలి. తూర్పు ఎండ మొదట తగిలే లోతు తక్కువ పక్క నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. చలికాలమంతా మడుగులో ముడుచుకున్న చేప ఆ వెచ్చదనానికి బయటికి వస్తుంది. మీ దగ్గర ఇప్పుడు వేడి కొలిచే గాజుగొట్టాలు ఉన్నాయి, వాడండి. కానీ చెయ్యి కూడా పెట్టండి. చెయ్యి పెట్టడానికి వంగితే కంటికి కనబడేవి వేరే ఉంటాయి.

ఆయన చెప్పినదంతా నిజమేననుకుని నేనొకసారి బోల్తా పడ్డాను. ధర్మవరం పక్కన ఒక చెరువులో నీటికాకులు ఒక మొండి చెట్టు మీద బారుగా కూర్చుని ఉంటే, చేపలన్నీ అక్కడే ఉన్నాయని పొద్దంతా వల వేయించాను. ఏమీ రాలేదు. ఆ చెరువులో కూర్చోవడానికి ఆ చెట్టు తప్ప మరొకటి లేదని సాయంత్రానికి తెలిసింది. చేపలు రేవు దగ్గర ఉన్నాయి. అక్కడ మగ్గాల ఇళ్ళ ఆడవాళ్ళు పడుగుకు పట్టించే గంజి కుండలు కడుగుతున్నారు. గంజి కోసం చేపలు వాళ్ళ కాళ్ళలో పడి కొట్టుకుంటున్నాయి. ఒకామె నన్ను చూసి, "పొద్దున్నించి ఆడేం ఎతుకుతాండావప్పా?" అంది. చేపలు అన్నాను. ఆమె తన కాళ్ళ వైపు చూసుకుని, మళ్ళీ నా వైపు చూసి, కుండ కడుక్కుంది. ఆమె ఇంటివాళ్ళతో నాకు తర్వాత చాలాకాలం స్నేహం నడిచింది.

రైల్లో కీర్తన

ఆ రోజుల్లో చేపపిల్లలను ప్లాస్టిక్ సంచుల్లో గాలి నింపి పంపే పద్ధతి మాకు లేదు. మట్టికుండల్లో, పాలడబ్బాల్లో పోసి మీటర్‌గేజ్ రైల్లో తీసుకెళ్ళేవాళ్ళం. దారి పొడుగునా నీళ్ళను అరచేత్తో చరుస్తూ ఉండాలి. చరిస్తేనే నీళ్ళలోకి గాలి దిగుతుంది. ఆపితే పిల్లలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి.

ఒకసారి హిందూపురం నుంచి అట్లా పోతుంటే నిద్ర ముంచుకొచ్చింది. నిద్ర ఆపడానికి కీర్తన ఎత్తుకున్నాను. తాళానికి తాళం, చరుపుకు చరుపు, బాగా కుదిరింది. ఎదురుగా కూర్చున్న చెనక్కాయల బేరగాడు కొంతసేపు చూసి, "ఇది ఏ దేవుని పూజప్పా, కుండను కొట్టేది?" అని అడిగాడు. విషయం చెప్పాను. ఆయన చొక్కా చేతులు మడిచి రెండో కుండ ముందు కూర్చున్నాడు. నా పాట ఆయనకు రాదు. ఆయన భజనపాట ఆయన పాడాడు. పెనుకొండ వచ్చేవరకు రైలుపెట్టెలో రెండు పాటలు నడిచాయి, ఒక్క పిల్ల కూడా చావలేదు. పెనుకొండ స్టేషన్లో ఆ కుండలను ఎద్దులబండి మీద వచ్చిన మా శాఖ మనిషికి అప్పజెప్పాను. ఆయన వాటిని ధర్మవరం దారిలో ఉన్న ఒక చెరువులో వదిలాడు. అవి శీలావతి పిల్లలు, కార్యాలయం భాషలో రోహు. ఆ చెరువును నేను అప్పటికి చూడలేదు. ఊరి పేరు ఇక్కడ చెప్పను. ఆ ఊరివాళ్ళ మనవళ్ళు ఇప్పుడు నాతో చనువుగా ఉన్నారు, అది పోగొట్టుకోవడం ఇష్టం లేదు.

తూము సంగతి

రెండు మూడు వానకాలాలు గడిచాక ఆ చెరువు దగ్గరికే నన్ను పంపారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొంతకాలమే అయింది. తుంగభద్ర పక్క నుంచి వచ్చిన కొన్ని బెస్త కుటుంబాలు ఆ కట్ట పక్కన గుడిసెలు వేసుకున్నాయి. వాళ్ళ పెద్ద గంగన్న. నల్లగా, సన్నగా, వంగని నడుముతో ఉండేవాడు. ఆయన వల విసిరితే నీళ్ళ మీద పూర్ణచంద్రుడు పడినట్టు పడేది. అంత చక్కటి వల నేను మళ్ళీ చూడలేదు.

ఊళ్ళో పెత్తనం నరసారెడ్డిది. పంచాయతీ ప్రెసిడెంటు. తరాలుగా అక్కడే పాతుకున్న రైతు కుటుంబం. ఆయనను చెడ్డవాడిగా చూపిస్తే నేను అబద్ధమాడినట్టే. కట్ట కింద ఆయనకూ, మరికొందరికీ మళ్ళున్నాయి. ఆ ఏడు చెరువు సగం కూడా నిండలేదు. ఉగాది కాగానే తూము తెరిచి, ఉన్న నీళ్ళతో రాగి మళ్ళు తడుపుకోవాలని ఆయన ఆలోచన. తూము తెరిస్తే చెరువులో మిగిలేది మోకాటి లోతు బురద. ఎండలకు అదీ ఇంకిపోతుంది. అప్పుడు గంగన్నవాళ్ళు గుడిసెలు విప్పుకుని మరో నీటిని వెతుక్కుంటూ పోవాలి. వాళ్ళు అప్పటికే అట్లా రెండు చోట్ల విప్పుకుని వచ్చారు.

నేను వెళ్ళిన రోజు నరసారెడ్డి కట్ట మీదే ఎదురయ్యాడు. "రైతు నీళ్ళు కండ్ల ముందర పెట్టుకోని పంట ఎండబెట్టుకుంటాడా సారూ? చేపలుండాయంటే సూపిచ్చండి. ఊరంతా సూడల్ల. సూపిస్తే తూము జోలికి పోను. ల్యాకుంటే ఉగాది మర్నాడే నీరుగంటికి చెప్తా" అన్నాడు. నీరుగంటి అంటే తూము తెరిచి మూసే ఊరి మనిషి. అతను రెడ్డి వెనకాలే నిలబడి తల ఊపాడు.

న్యాయమైన మాట. నాకు కోపం రాలేదు. భయం మాత్రం వచ్చింది. ఉగాది దగ్గర్లోనే ఉంది.

కుడిపక్క

గంగన్న అప్పటికే చాలా రోజులుగా వల వేస్తున్నాడు. ఆయనకు దొరికినవి పరకలు, చిన్న జెల్లలు. ఇంటి కూరకు సరిపోతాయి, ఊరికి చూపించడానికి సరిపోవు. నేను కట్టంతా నడిచాను. వంక చూశాను, కాకులను చూశాను, ఉతికే రేవు చూశాను. వంక ముఖం ఎండిపోయి ఉంది. కాకులు ఒక చోట నిలవడం లేదు. పుట్టిలో ఎక్కి మడుగు మీదికి పోయాం. పుట్టి అంటే తెలుసు కదా, వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి బుట్టలాంటి పడవ. వల పడింది, ఖాళీగా లేచింది. మళ్ళీ పడింది, మళ్ళీ ఖాళీ.

నా మనసు గలిలయ సముద్రం మీదికి పోయింది. రాత్రంతా కష్టపడి ఏమీ పట్టని శిష్యులకు ప్రభువు పడవకు కుడిపక్క వల వేయమని, వల నిండా చేపలిచ్చిన సంగతి చిన్నప్పటి నుంచి విన్నవాణ్ణి. నేను కళ్ళు మూసుకుని ప్రార్థించి, "గంగన్నా, కుడిపక్క ఎయ్యి" అన్నాను.

గంగన్న వల భుజాన పెట్టుకుని ఆగాడు. పుట్టి నెమ్మదిగా తిరుగుతోంది. కట్ట ఒకసారి నా ముందుకు వచ్చింది, ఒకసారి వెనక్కి పోయింది.

"దీనికి కుడి యాడుండాది సారూ?" అన్నాడు. "గుండ్రంగా ఉండాది గదా."

నేను చెయ్యి చాచి చూపించాను. చూపించేలోగా పుట్టి తిరిగింది. నా చెయ్యి కట్ట మీది నీరుగంటిని చూపిస్తోంది. గంగన్న ముఖంలో నవ్వు లేదు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు. తిరిగే దిక్కు చూసి ఆయనే ఒక వైపు వేశాడు. ఒక తాబేలు వచ్చింది.

అప్పుడు నవ్వుకోలేకపోయాను, ఇప్పుడు నవ్వుకుంటాను. మీకు చెప్పేదేమంటే, ప్రార్థన చేసి పని చేయండి. ప్రార్థన చేశాం కదా అని దేవునికి పని చెప్పకండి. కుడిపక్క అని చెప్పింది ఆయన, ఆ రోజుకు, ఆ పడవకు. నాకు చెప్పలేదు. నేను ఆయన మాటను జేబులో పెట్టుకుపోయి నా చెరువులో వాడుకోవాలని చూశాను.

కొమ్మ వణికింది

మర్నాడు పొద్దున్నే చెయ్యి పెట్టి చూసే పని మొదలుపెట్టాను. చెరువుకు పడమటి మూల ఒక వంపు ఉంది. కట్టను ఎత్తు చేసినప్పుడు అక్కడ నల్లతుమ్మ చెట్లు మునిగి చచ్చిపోయాయట. మొండి కొమ్మలు నీళ్ళ పైకి లేచి ఉన్నాయి. తూర్పు ఎండ మొదట ఆ వంపులోనే పడుతుంది. నీళ్ళు వెచ్చగా తగిలాయి. వంగి ఉన్నాను కాబట్టి చూడగలిగాను: గాలి లేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అయినా ఒక కొమ్మ చివర వణుకుతోంది. కాసేపటికి దాని పక్క కొమ్మ. మునిగిన కొమ్మకు పట్టిన పాచిని కింద నుంచి ఎవరో కొరుకుతున్నారు. నా పాలడబ్బాల పిల్లలు పెద్దవైపోయాయి.

గంగన్నను పిలుచుకొచ్చి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. "ఉండాయి," అన్నాడు. "శానా ఉండాయి." తర్వాత వల వైపు చూసుకున్నాడు. ఆయన దుఃఖం నాకు అర్థమైంది. తుమ్మ ముల్లు మీద వల వేయడమంటే వలను చింపుకోవడమే. అయినా ఒకసారి వేశాడు. ఆ వలను విడిపించడానికి మధ్యాహ్నం అయింది. చిరుగు కుట్టడానికి ఆయన భార్యకు అంతకంటే ఎక్కువ పట్టింది.

"గాలం వేస్తే?" అన్నాను.

గంగన్న నా వైపు తిరగలేదు. గాలం వేసేది పనిలేనివాళ్ళట, మేకలు మేపుకుంటూ పొద్దు పోనివాళ్ళట. తాత తుంగభద్రలో వల తిప్పినవాడట. వలవాడు గాలపు ముల్లు కట్టుకుని ఒడ్డున కూర్చున్నాడని తెలిస్తే వియ్యంకులు ఇంటికి రారట. "గుడిసె ఇప్పుకోనన్నా పోతా గానీ ఆ కర్ర ముట్టను సారూ. నీకు తెల్దు," అన్నాడు. నాకు నిజంగానే తెలియదు. ఆ మాట ఆయన పొగరుతో అనలేదు. ఉన్న ఊరు లేకుండా తిరిగే మనిషికి తన పని తప్ప పరువు మరొకటి లేదు. నేను బలవంతం చేయలేదు. నాకు కూడా లోపల్లోపల గాలం అంటే చిన్నచూపే. మా పుస్తకాల్లో ఉన్నదంతా వలలే, ఆరాధనలో విన్నదీ వలలే.

ఆదివారం

శనివారం బండెక్కి హిందూపురం ఇంటికి వచ్చాను. మర్నాడు చర్చి ఆరాధనలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడి, ఫలానా చెరువులో వలకు చేపలు పడేలా ప్రార్థించమన్నాను. వెనక బల్లల్లో నవ్వులు వినిపించాయి. అయ్యగారు నవ్వకుండా ప్రార్థించారు. ఉగాదికి తూము తెరుస్తారన్నది కూడా కలిపారు.

ఇంటికి నడిచి వస్తూ నా భార్య సుగుణమ్మ మాట్లాడలేదు. ఆమె బడిపంతులమ్మ, ఆదివారపు బడిలో కూడా ఆమెదే పాఠం. మాట్లాడకుండా ఉందంటే ఏదో దిద్దబోతోందని అర్థం.

"వలకు చేపలు పడాలని అడిగినారే, గాలం మాట ఎందుకు ఎత్తలేదు?" అంది ఇంటి మెట్ల దగ్గర.

గంగన్న సంగతంతా చెప్పాను.

"ప్రభువు వలల వాళ్ళనే పిలిచినాడు, నిజమే. వాళ్ళలో పెద్దవాణ్ణి ఒకసారి గాలం ఎయ్యమని పంపించినాడు గదా. పన్ను కట్టల్ల అన్న రోజు. మీరు మర్చిపోతిరా?" అంది.

నేను మెట్టు మీదే నిలబడిపోయాను. ఎన్నిసార్లు చదివి ఉంటాను ఆ సంగతి! ఆ పన్నుకు సరిపోయే నాణెం ఒక్క చేప నోట్లో దొరికిందన్నదే గుర్తుంది. ఆ జాలరి శిష్యుడు తన వల ఒడ్డున వదిలి, అందరూ చూస్తుండగా ఒక ముల్లు పట్టుకుని కూర్చోవలసి వచ్చిందన్నది ఎన్నడూ తట్టలేదు. పుట్టినప్పటి నుంచి వల లాగిన మనిషికి అది ఎంత చిన్నతనమై ఉంటుంది! అయినా వేశాడు.

"గంగన్నకు ఈ సంగతి చెప్తా," అన్నాను.

"చెప్పొద్దండి. ఆయనది ఆ పుస్తకం కాదు. మీది," అంది సుగుణమ్మ. "మీరే ఎయ్యండి."

మా సంఘంలో నేను విన్న ప్రసంగాలు చాలా ఉన్నాయి. ఇంత చిన్నది, ఇంత సూటిగా తగిలింది మరొకటి లేదు.

సంగటి ఉండ

చెరువుకు తిరిగి పోతూ ముందు ధర్మవరంలో దిగి గంజికుండల ఇంటికి వెళ్ళాను. దారం కావాలంటే వాళ్ళు పట్టు పేటలు కలిపి పురిపెట్టి ఇచ్చారు. చీర అంచుకు అద్దిన కుంకుమరంగు పట్టు. తెల్లది లేదా అంటే, చేప రంగు చూసి చీర కొనదులే అన్నారు. గాలపు ముళ్ళు సంతలో కొన్నాను. తేలడానికి జొన్నదంటు బెండు కట్టాను. ఎరకు, ఆ గంజి సంగతి గుర్తుపెట్టుకుని, గంగన్న ఇంట్లోనే రాగిసంగటి అడిగి తీసుకుని, దాంట్లో నూనె తీయగా మిగిలిన చెనగచెక్క పొడి కలిపి రేగుపండంత ఉండలు చేశాను. గంగన్న భార్య చూస్తూ, "మా ఇంటాయనకు గూడా చెక్క కలిపి పెట్టల్ల, ఈ మధ్య ఏమీ తింటాల్యా," అంది.

గంగన్న పుట్టి నడపడానికి మాత్రం ఒప్పుకున్నాడు. "తెడ్డు ఏస్తా. ఆ కర్ర తట్టు నా చెయ్యి రాదు. ముందే చెప్తాండా," అని ముఖం అవతలికి తిప్పుకుని కూర్చున్నాడు.

కట్ట మీద నరసారెడ్డి గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. నీరుగంటి, ఇంకొందరు రైతులు పక్కన ఉన్నారు. "ఏం సారూ," అని కేకేశాడు రెడ్డి, "గవర్మెంటు జీతమిచ్చి గాలం ఏయమన్యాదా?" నేను చెయ్యి ఊపాను. 

మొండి కొమ్మల పక్కన, ముళ్ళకు తగలనంత దూరంలో ఉండ జారవిడిచాను. బెండు నిలబడింది. మీరు మొదటిసారి గాలం వేసినప్పుడు గుర్తుంచుకోండి: బెండు ఒక్కసారిగా మునిగితే అది తొందరపాటు చిన్నచేప. పెద్దది తొందరపడదు. బెండు పక్కకు నడుస్తుంది, ఎవరో పిలిస్తే లేచి వెళ్తున్నట్టు. నా బెండు అట్లా నడిచింది. లాగాను. కర్ర విల్లులా వంగింది. చేప తిన్నగా తుమ్మకొమ్మల్లోకి పరిగెత్తింది. నాకు చేతులు ఆడలేదు.

"ఎడమకు! ఎడమకు తిప్పు సారూ!" గంగన్న తెడ్డు వదిలేశాడు. "కొమ్మల్లోకి పోతాండాది, ఎడమకు..." అంటూనే కర్ర నా చేతుల్లోంచి లాక్కున్నాడు.

పుట్టికి కుడి లేదన్న మనిషి ఎడమ కనిపెట్టాడు. వల లాగిన చేతులు కదా, దారం ఎక్కడ వదలాలో ఎక్కడ బిగించాలో వాటికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చేపను తిప్పి, అలయించి, పుట్టిలోకి ఎత్తాడు. శీలావతి. ఎర్రటి రెక్కలు, పొలుసు పొలుసుకూ ఎండ. గంగన్న దాన్ని చూశాడు, తన చేతిలో ఉన్న కర్రను చూశాడు, చప్పున నాకిచ్చేశాడు. కాసేపటికి ఇంకొక చేప పడింది. ఈసారి ఆయన కర్ర తిరిగి ఇవ్వలేదు. ఆ తర్వాత నాకు తెడ్డు మిగిలింది. గాలి లేకపోయినా మా పుట్టి ఆ పొద్దున బాగా తిరిగింది. నాకు తెడ్డు వేయడం రాదు.

కట్ట మీద కేకలు లేచాయి.  నరసారెడ్డి ఒడ్డుకు దిగివచ్చాడు. "ఈపక్కకు తీసుకురాప్పా," అన్నాడు. పంచె ఎగ్గట్టి పుట్టిలో కూర్చుని, అడుగున కొట్టుకుంటున్న చేపలను లెక్కపెట్టకుండా చూశాడు. ఊరి ముందు అన్న మాట నిలబెట్టే మనిషి. "ఉండాయిలే," అన్నాడు. అయితే గొంతులో సంతోషం లేదు. ఒడ్డున ఆయన మళ్ళు ఎండుతున్నాయి. మాటిచ్చాడు కాబట్టి ఈ ఏడు ఆగుతాడు, వచ్చే ఏడు ఇదే తగువు మళ్ళీ వస్తుంది. అది గంగన్నకూ తెలుసు, నాకూ తెలుసు.

అప్పుడు రెడ్డి, "యాదీ, ఒగసారి ఇట్లియ్యి కర్ర," అన్నాడు.

గంగన్న ఉండ గుచ్చి ఇచ్చాడు. బెండు చాలాసేపు కదలలేదు. తర్వాత నడిచింది. రెడ్డి లాగాడు. ఆ లాగుడుకు పుట్టే కొమ్మల వైపు కదిలింది. నీళ్ళ పైకి ఒక వీపు వచ్చింది. ఆ వీపు ఇంకా వస్తూనే ఉంది. అట్లాంటి చేపను ఆ చెరువులో నేను ఊహించలేదు. గంగన్న "వదులు రెడ్డీ, దారం వదులు," అంటున్నాడు. రెడ్డి వదిలే రకం కాదు, పుట్టుబుద్ధి అది. దారం ఒక మొద్దును చుట్టుకుంది, టప్‌మంది. కర్ర నిటారుగా నిలబడింది.

 రెడ్డి తెగిన కుంకుమదారాన్ని వేలికి చుట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నాడు.

"సూస్తివా గంగన్నా?"

"సూస్తి రెడ్డీ."

"ఎంతుంటాదప్పా అది?"

గంగన్న ఆలోచించాడు. "మా తాత గూడా తుంగభద్రలో సూసుండడు అట్లాటిది," అన్నాడు. ఆయన తాతను తగ్గించి మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఒడ్డు చేరగానే నీరుగంటి అడిగాడు. "రెడ్డన్నా, ఉగాది అయినాక తూము సంగతేంది?"

"తూమా?" రెడ్డి అతని వైపు తెలివిలేనివాణ్ణి చూసినట్టు చూశాడు. "నీళ్ళు తీసేస్తే నా చేప యాడ బతకల్ల? అది దొరికేదాకా తూము మాట ఎత్తొద్దండి."

ఆ సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదు

ఆ ఏడు ఎండలు ముదిరేవరకు రెడ్డి పొద్దున పూట పొలానికి పోయే దారి మారింది. మళ్ళకు బావి లోతు చేయించుకున్నాడు. గంగన్న గాలాన్ని తప్పుపట్టడం మానుకున్నాడు. అయితే తాను వేసేది రెడ్డికి తోడుగా మాత్రమే అనేవాడు.

వేసవి చివర నేను మళ్ళీ వెళ్ళినప్పుడు గంగన్న నన్ను ఒక పక్కకు పిలిచాడు. నీళ్ళు తగ్గి చేపలు మడుగులోకి జారాక, తెల్లవారుజామున వేసిన వలలో అది పడిందట. దవడకు ముల్లు, ముల్లుకు కుంకుమరంగు పట్టు పేటలు వేలాడుతున్నాయట. ముల్లు విడదీసి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేశాడట.

ఎందుకన్నాను. వలవాడు, అంత చేపను.

"దాన్ని పట్టినానంటే రెడ్డి ఇంగ చెరువు తట్టు యాల వస్తాడు సారూ?" అన్నాడు. "అది ఆడే ఉండనీ."

గంగన్న మొలతాడుకు కట్టుకున్న ఆ ముల్లును నాకు చూపించాడు. నేను రెడ్డికి చెప్పలేదు. తర్వాత చాలా ఏళ్ళు పెనుకొండ స్టేషన్లో రెడ్డి కనబడినప్పుడల్లా రెండు చేతులు చాచి ఆ చేప ఇంతుందని చూపించేవాడు. ఏటికేడు ఆ చేతులు దూరమయ్యాయి. చేప పెరుగుతోంది కదా అనేవాడు. ఆయన పోయేవరకు ఎండాకాలంలో ఆ తూము తెరవలేదు. గంగన్న మనవళ్ళు ఇప్పటికీ ఆ కట్ట పక్కనే ఉన్నారు, మిద్దె ఇళ్ళలో.

పిల్లలారా, మేము పట్టిన చేపలు ఆ పూటకు ఊరికి కూరైనాయి. చెరువును నిలబెట్టింది మేము పట్టలేకపోయిన చేప. దాన్ని వదిలిపెట్టే మనసు వలవాడి చేతిలో పెట్టింది ఎవరో నాకు తెలుసు. మీరు కొత్త చెరువుకు వెళ్ళండి. గట్టు నడవండి, నీళ్ళలో చెయ్యి పెట్టండి, కొమ్మ చివర చూడండి. వల మీద పరువు పెట్టుకున్నవాణ్ణి నవ్వుల పాలు చేయకండి, ముందు మీరే గాలం పట్టుకోండి.

ఇక తలలు వంచి, నాతో కూడ ఈ కొన్ని మాటలు అనండి. ప్రభువా, మా సీమ వంకలకు నీళ్ళు ఇయ్యి. తెలియని నీళ్ళ దగ్గరికి పోయే ఈ బిడ్డలకు ఓపికైన కళ్ళు ఇయ్యి. రైతు మడికీ, జాలరి గుడిసెకూ చాలినంత చేసి, ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ప్రేమ పుట్టించు. నువ్వు మా చేతికి ఇచ్చినవాటి కోసం వందనాలు. మా చేతికి చిక్కకుండా నీళ్ళలోనే ఉంచినవాటి కోసం మరీ ఎక్కువ వందనాలు. ఆమేన్.